చొక్కా కింద రాజ్యాంగం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో బార్బర్ లైసెన్సు కావాలంటే వెయ్యి గంటల శిక్షణ తీసుకోవాలి. కత్తెరతో పని, చెవులు తెగే ప్రమాదం ఉంది. సర్కారు ఆ మాత్రం జాగ్రత్త పడటంలో తప్పేమీ లేదు. అదే రాష్ట్రంలో 21 ఏళ్లు నిండి, చట్టం ప్రత్యేకంగా నిషేధించని మనిషి తూటాలు నింపిన పిస్తోలును చొక్కా కింద దోపుకుని వీధిలోకి వెళ్లడానికి 2021 సెప్టెంబరు 1 నుంచి ఒక్క గంట శిక్షణ కూడా అక్కర్లేదు.

అంతకుముందు పర్మిట్ కోసం నాలుగు నుంచి ఆరు గంటల పాఠం విని, 50 తూటాలు కాల్చి చూపించాల్సి వచ్చేది. మూడు గజాల దూరం నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10. లక్ష్యం కాగితపు బొమ్మ. కదలదు, అరవదు, తిరిగి కాల్చదు. 250 మార్కులకు 175 వస్తే పాసు. ఇంతటి ఘోర తపస్సు నుంచి పౌరులకు విముక్తి ప్రసాదించిన శాసనసభకు జోహార్లు. తపస్సు చేయాలని ముచ్చటపడేవారికి ఆ పర్మిట్ ఇప్పటికీ దొరుకుతుంది.

టెక్సస్ ఒంటరిదేమీ కాదు. వెర్మాంట్‌లో పర్మిట్ అనేదే ఎన్నడూ లేదు. అలాస్కా 2003లో, అరిజోనా 2010లో దాన్ని ఐచ్ఛికం చేశాయి. 2024 నాటికి ఇలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. తుపాకీ దాచుకుని తిరిగే హక్కు అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన రెండో సవరణలోనే ఉందనీ, దానికి వేరే కాగితం ఎందుకనీ వీరి వాదన. 2008లో సుప్రీంకోర్టు ఇంట్లో పిస్తోలు ఉంచుకునే హక్కుందని చెప్పింది, 2022లో బ్రూయెన్ తీర్పుతో ఆ హక్కును గడప దాటించింది. దెబ్బకు న్యూయార్క్ తన శతాబ్దం నాటి పాత నిబంధనను వదులుకుని కొత్త చట్టం తెచ్చింది: 16 గంటల తరగతి, 2 గంటల కాల్పుల శిక్షణ, ఆపైన ‘ఇక్కడ కూడదు, అక్కడా కూడదు’ అని టైమ్స్ స్క్వేర్‌తో సహా పొడుగాటి జాబితా. ఒక రాష్ట్రం ఏమీ అడగదు, ఇంకో రాష్ట్రం అన్నీ అడిగి చివరికి నిలబడే చోటు మిగల్చదు. ఫెడరల్ వ్యవస్థ సౌందర్యమే అది.

హక్కు తేలిపోయింది కాబట్టి, మిగిలిన చిన్న విషయానికి వద్దాం. ఆ వస్తువును పొద్దుటి నుంచి రాత్రి దాకా నడుముకు కట్టుకుని బతకడం.

గ్లాక్ 19 లాంటి మధ్యరకం పిస్తోలు 15 తూటాలతో నింపితే 850 గ్రాముల దాకా తూగుతుంది. మామూలు బెల్టు దీన్ని మోయలేదు, కిందికి వంగి తుపాకీ పిడిని బయటికి నెడుతుంది. అంగుళంన్నర వెడల్పు గట్టి బెల్టు కావాలి. పిడి ఆకారం చొక్కా మీద తేలడాన్ని ‘ప్రింటింగ్’ అంటారు. దాన్ని తప్పించుకోవడానికి హోల్‌స్టర్‌కు, అంటే తుపాకీ ఒరకు, ఒక చిన్న రెక్క బిగిస్తారు. అది బెల్టును ఆనుకుని పిడిని పొట్టవైపు తిప్పుతుంది. చొక్కా ఒక సైజు పెద్దదీ, గళ్లదో పువ్వులదో అయితే మంచిది. సాదా రంగు బిగుతు బట్ట అన్నీ చెప్పేస్తుంది. ఫ్యాషన్ చరిత్రలో ఆత్మరక్షణ కోసం వెలిసిన యూనిఫాం ఇదొక్కటే కావచ్చు.

హోల్‌స్టర్ కైడెక్స్ లాంటి గట్టి ప్లాస్టిక్‌తో ఆ తుపాకీ అచ్చుకే పోసినదై, ట్రిగ్గర్ భాగాన్ని పూర్తిగా కప్పాలి. మెత్తబడిపోయిన తోలు హోల్‌స్టర్ మూతి లోపలికి మడత పడి, ఆ మడతే వేలు చేసే పని చేసేస్తుంది. చాలా పిస్తోళ్లకు విడిగా సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్ మీద రెండున్నర కిలోల ఒత్తిడి పడితే చాలు. ఒత్తింది వేలా, చొక్కా అంచా, జాకెట్ తాడు ముడా అని తుపాకీ విచారణ జరపదు.

అందుకే దారినపోయే దుండగుడి కంటే ముందు భయపడాల్సింది తుపాకీని తిరిగి లోపల పెట్టే క్షణానికి. ఈమధ్య అందరూ మోజుపడే పద్ధతిలో పిస్తోలు పొట్ట ముందు, బొడ్డుకు కాస్త కుడివైపున ఉంటుంది. గొట్టం ఏ దిక్కు చూస్తోందో విడమరచి చెప్పనక్కర్లేదు. తొడ ధమని కూడా అటువైపే ఉంది. బట్టను ఎడమచేత్తో ఛాతీ దాకా పైకి లాగి పట్టుకోవాలి, నడుము ముందుకు తోసి నడుం పైభాగం వెనక్కి వంచాలి, కళ్లతో చూస్తూ మెల్లగా దించాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా చాచి ఉండాలి, ఎక్కడైనా అడ్డు తగిలితే తోయకుండా పైకి తీసి చూడాలి. బయటికి తీయడంలో వేగానికి అర్థముంది. లోపల పెట్టడంలో వేగానికి బహుమతి ఎవరూ ఇవ్వరు, అంబులెన్సు తప్ప.

మరుగుదొడ్డి గురించి రాజ్యాంగ పండితులెవరూ రాయలేదు గానీ, ఈ ఉద్యమానికి అసలు పరీక్ష అక్కడే. బెల్టు వదులైతే 850 గ్రాములు నేలవైపు ప్రయాణం కడతాయి. కొందరు తీసి నీళ్లట్యాంకు మీద పెడతారు, మర్చిపోయి చేతులు కడుక్కుని వెళ్లిపోతారు, తర్వాత వచ్చినవాడు పోలీసులను పిలుస్తాడు. కొందరు ట్రిగ్గర్ గార్డు పట్టుకుని తలుపు కొక్కానికి తగిలిస్తారు. వీరి గురించి మౌనమే మేలు. సరైన పద్ధతి ఒక్కటే: హోల్‌స్టర్‌లోంచి తీయకుండా, కిందికి జారిన ప్యాంటు మధ్యలోనే దాన్ని కళ్లెదుట ఉంచుకోవడం.

ఇంటికెళ్లాక రోజూ ఛాంబర్‌లోని, అంటే పేలడానికి సిద్ధంగా గొట్టం మొదట్లో ఉన్న, తూటా తీసి, పొద్దున్నే అదే తూటాను మళ్లీ ఎక్కించే క్రమశిక్షణాపరులున్నారు. ప్రతిసారీ స్లైడ్ (తుపాకీ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) కొట్టే దెబ్బకు బుల్లెట్ కాస్త కాస్త తూటా తొడుగు లోపలికి దిగబడుతుంది, లోపల మందుకు చోటు తగ్గుతుంది, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. కొత్త తూటా పక్కన పెట్టి పొడవు పోల్చి, పొట్టిదైతే పక్కన పడేయాలి. ఇక చెమటకు తుప్పు పడుతుంది, బనియను దూది గొట్టం మూతిలో చేరుతుంది. నెలకొకసారి తుడవాలి.

ఇంత తలనొప్పికి ఫలం అప్రమత్తత అంటారు. తుపాకీ ఉన్న పౌరుడు నిత్యం మెలకువగా ఉంటాడట. విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్ఏ 2024లో ప్రయాణికుల చేతిసంచుల్లో 6,678 తుపాకులు పట్టుకుంది, వాటిలో దాదాపు 94 శాతం తూటాలతో నింపి ఉన్నాయి. పట్టుబడ్డవారు సాధారణంగా చెప్పే మాట: సంచిలో ఉందని మర్చిపోయాం.

బడుల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఫెడరల్ చట్టం ప్రకారం బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకీ పట్టుకు తిరగడం నేరం; ఆ బడి ఉన్న రాష్ట్రమే ఇచ్చిన పర్మిట్ ఉంటే మినహాయింపు. పర్మిట్ అక్కర్లేదని రాష్ట్రం ఘనంగా ప్రకటించింది కాబట్టి పర్మిట్ తీసుకోని పౌరుడు, రాష్ట్రం దృష్టిలో స్వేచ్ఛాజీవిగా ఇల్లు వదిలి, రెండు వీధులు దాటేసరికి వాషింగ్టన్ దృష్టిలో నేరస్తుడవుతాడు. ఒక పట్టణం పటం తీసుకుని ప్రతి బడి చుట్టూ వెయ్యి అడుగుల వృత్తం గీసి చూడండి, మిగిలే తెల్లకాగితం ఎంతో తెలుస్తుంది.

ఇన్ని అవస్థలూ పడి తుపాకీ వల్ల ఎందరు తమను కాపాడుకుంటున్నారు? ఇక్కడ రెండు పక్షాలకూ సరిపడా లెక్కలున్నాయి. క్లెక్, గెర్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 5 వేల మందిని ఫోన్లో అడిగి, 1995లో ఏడాదికి 25 లక్షల సార్లు అన్నారు. నేరబాధితులపై ప్రభుత్వం జరిపే సర్వేలో అది లక్షకు అటూఇటూగానే ఉంటుంది. ఇంత తేడా ఎలా వచ్చింది? అప్పటి పెద్దల జనాభా దాదాపు 19 కోట్లు. 5 వేల మందిలో 50 మంది గొప్పకో, పాత సంగతిని నిన్నటిదనుకునో ‘అవును’ అంటే చాలు, దేశం మొత్తానికి 19 లక్షల వీరగాథలు పుడతాయి. ప్రభుత్వ సర్వేలో పొరపాటు మరోవైపుది: నేరం జరిగిందన్నవారినే తర్వాతి ప్రశ్న అడుగుతారు, దుండగుడు ముందే పారిపోతే అది నేరంగా గుర్తుండకపోవచ్చు. పర్మిట్లు సులభం చేస్తే నేరాలు తగ్గాయా పెరిగాయా అని 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ సాక్ష్యాలన్నీ చూసి, ఏదీ తేల్చలేమంది. రెండు పక్షాలూ ఆ నివేదికను తమ విజయంగా స్వీకరించాయి.

లెక్క తేలనప్పుడు సంఘటనలే దిక్కు. 2022 జులై 17న ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో ఒక యువకుడు 40 గజాల దూరం నుంచి 10 తూటాలు కాల్చి, 8 తగిలించి, జనంపై కాల్పులకు దిగిన హంతకుణ్ని 15 సెకన్లలో ఆపేశాడు. ఆ రాష్ట్రంలో పర్మిట్ అవసరం లేదన్న చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి 16 రోజులే. ఆ మాల్ నిబంధన మాత్రం తుపాకులు తేవద్దనే. మెచ్చుకోవాల్సిందే, నిస్సంకోచంగా. కానీ అదే కొలబద్దగా మిగతావారిని ఊహించుకోకూడదు. న్యూయార్క్ పోలీసులు ఎదురుకాల్పుల్లో కాల్చిన తూటాల్లో సగటున 18 శాతమే తగిలాయని 2008లో ర్యాండ్ సంస్థ అధ్యయనం తేల్చింది, వారు జీతం తీసుకుని సాధన చేసేవారు. మిగతా 82 ఎక్కడికి పోతాయో పక్కవీధి వాళ్లకు తెలుస్తుంది.

రెండో సంఘటన 2021 జూన్ 21న కొలరాడోలోని అర్వాడాలో జరిగింది. పోలీసును చంపిన దుండగుణ్ని ఒక పౌరుడు తన పిస్తోలుతో కాల్చి చంపాడు. తర్వాత దుండగుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ క్షణంలో వచ్చిన పోలీసు అధికారికి కనిపించింది రైఫిల్ పట్టుకున్న మనిషి. కాల్చాడు, పౌరుడు చనిపోయాడు. అధికారిపై కేసు పెట్టలేదు. మంచివాడి నుదుటి మీద మంచివాడని రాసి ఉండదు, హోల్‌స్టర్‌కు ఆ సౌకర్యం ఇంకా కనిపెట్టలేదు.

కాబట్టి కాల్పులు ఆగగానే తుపాకీ లోపల పెట్టాలి, పైన చెప్పినట్టే మెల్లగా. వేరేవాడి ఆయుధం ముట్టుకోకూడదు. చేతులు ఖాళీగా, వేళ్లు విప్పి కనబడేలా ఉంచాలి. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసినప్పుడు దుండగుడి గుర్తులకంటే ముందు మీ గుర్తులు చెప్పాలి: ఎత్తు, టోపీ, చొక్కా. గళ్ల చొక్కా అని ఊరుకుంటే మాత్రం చాలదు. అక్కడ తుపాకీ దాచుకున్న ప్రతివాడూ అదే తొడుక్కుని ఉంటాడు.