డ్రాయింగ్ పీరియడ్‌ను నేనే తీసుకున్నాను

ఉత్తరాంధ్రలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను లెక్కల మాస్టారిని. ఈ ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో పదో తరగతి పిల్లల డ్రాయింగ్ పీరియడ్లు ఎన్ని తీసేసుకున్నానో ఆ ఒక్క లెక్క మాత్రం ఎన్నడూ వేయలేదు. సంక్రాంతి దాటిందంటే చాలు, గురువారం ఏడో పీరియడ్ టైమ్ టేబుల్‌లో పేరుకే డ్రాయింగ్‌ది. "మాస్టారూ, సిలబస్ మిగిలిపోయింది, ఈ పూట నాకివ్వండి" అని నేను అడిగితే, మా డ్రాయింగ్ మాస్టారు ఒక్కసారైనా కాదనలేదు. ఉత్తీర్ణత శాతం తగ్గితే సంజాయిషీ ఇవ్వవలసినవాణ్ని నేనని, బొమ్మలు రాకపోతే ఎవరూ ఎవరినీ అడగరని ఆయనకు తెలుసు.

ఆయన పదవీ విరమణ చేసి నాలుగేళ్లు కావస్తున్నా ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. బడుల్లో కళావిద్యకు కోత పడుతోందని అంటే, అలాంటి ఉత్తర్వు ఎక్కడుందని కొందరు అడుగుతున్నారు. ఉత్తర్వు లేకపోవడమే ఇందులోని నేర్పు. రద్దు చేస్తున్నామని కాగితం మీద రాస్తే సంఘాలు ధర్నా చేస్తాయి, ఎవరో ఒకరు కోర్టుకు వెళతారు. అలా రాయకుండా, ఉన్న మనిషి రిటైరయ్యే రోజు దాకా ఓపిక పట్టి, ఆ తరువాత ఆ ఖాళీని ఖాళీల జాబితాలో చూపకుండా ఉంటే సరిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల ఉపాధ్యాయ నియామకాలకు జరిపిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. సబ్జెక్టులు చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 7,725, ప్రాథమిక తరగతుల ఎస్జీటీలు 6,371, గ్రాడ్యుయేట్ స్థాయి టీజీటీలు 1,781, పీజీ స్థాయి పీజీటీలు 286, వ్యాయామం నేర్పే పీఈటీలు 132, ప్రిన్సిపాళ్లు 52. కూడి చూడండి, మొత్తం సరిగ్గా సరిపోతుంది. డ్రాయింగ్‌కో సంగీతానికో ఒక వరుస పెట్టడానికి ఒక్క అంకె కూడా మిగలదు. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులదీ ఇదే తీరు. గురుకులాల నియామకాల్లో ఆర్ట్, క్రాఫ్ట్, మ్యూజిక్ టీచర్లకు చోటు దొరికిందన్న మాట నిజమే, అందుకు సంతోషం కూడా. అయితే గురుకులంలో సీటు రాని పిల్లలకు గొంతూ చేతులూ లేవని ఎవరు తేల్చారో నాకు అర్థం కాదు.

నిజానికి ఈ చిన్నచూపు చట్టంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడిలో పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. కళావిద్యకు, వ్యాయామ ఆరోగ్య విద్యకు, పని విద్యకు మాత్రం పార్ట్ టైమ్ బోధకులు ఉంటే చాలు. చట్టం అడిగిందే అరమనిషిని కనుక, ఆ అరమనిషి కూడా రాకపోతే ఎవరికీ లోటు కనిపించలేదు. కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన మాట మంచిదే. గోడకు ఒకవైపు ఉపాధ్యాయుడే లేనప్పుడు గోడ ఉన్నా లేకున్నా ఒకటే.

మా డ్రాయింగ్ మాస్టారు లేని లోటు నాకు తెలిసివచ్చింది నా తరగతి గదిలోనే. పదో తరగతి క్షేత్రమితిలో అర్ధగోళం మీద శంకువు నిలబెట్టిన ఆటవస్తువు లెక్క ఒకటి వస్తుంది. సూత్రాలు కంఠతా వచ్చిన పిల్లలు కూడా బొమ్మ గీయమంటే గుండ్రటి సున్నా చుట్టి, దానిపై ఒక త్రిభుజం అతికిస్తున్నారు. రెండూ కలిసేచోట ఉన్న వృత్తం వారికి కనిపించదు కనుక, ఆ వృత్త వైశాల్యాన్ని కూడా ఉపరితల వైశాల్యంలో కలిపేస్తున్నారు. మాస్టారు ఉన్న రోజుల్లో ఎనిమిదో తరగతిలోనే బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టి, నిలబడి చూస్తే అంచు కోడిగుడ్డులా ఎలా సాగుతుందో, వంగి కంటికి సమంగా చూస్తే ఒక గీతగా ఎలా మారుతుందో ఒక్కొక్కరిచేత చూపించి గీయించేవారు. అది నాకు చేతకాదు. ప్రయత్నించాను, పిల్లలు నవ్వారు. అలాగని లెక్కలకు పనికొస్తాయి కనుక బొమ్మలు నేర్పాలన్న వాదన నాకే నచ్చదు. పాట పాడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని చెప్పి పాటకు సీటు అడగడం బిచ్చమెత్తడం లాంటిదే. లెక్కలు ఎందుకు నేర్పాలో రుజువు చేయమని నన్ను ఎవరూ అడగలేదు కదా!

సెప్టెంబరు 5 వస్తే వేదికల మీద వినిపించే మాట అంకితభావం. మా ప్రాంతంలో అయితే ఘంటసాల కథ తప్పకుండా చెబుతారు. ఆయన ఇంటింటా అన్నం అడిగి, అంటే మధూకరం ఎత్తుకుని విజయనగరంలో చదువుకోవడం, పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆశ్రయమిచ్చి సంగీతం నేర్పడం విని అందరం కళ్లు తుడుచుకుంటాం. ఆ గురువుగారి ఔదార్యానికి రెండు చేతులూ జోడించవలసిందే. కానీ కథలో ఎవరూ చెప్పని సగం ఒకటి ఉంది. ఆ ఊళ్లో 1919లో రాజావారు సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి ప్రిన్సిపాలుగా నియమించారు. శాస్త్రిగారికీ ఆ కళాశాలలోనే కొలువు. ఆ అంకితభావం వెనుక ఒక సంస్థ, ఒక పోస్టు, నెల తిరిగేసరికి ఒక జీతం ఉన్నాయి. నేడు అదే కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా చదివి బయటికి వచ్చే పిల్లలకు, పక్క మండలంలోని మా బడిలో పాఠం చెప్పే ఉద్యోగం లేదు. వారిలో కొందరు అమెరికాలోని మనవాళ్ల పిల్లలకు ఆన్‌లైన్‌లో సరళీ స్వరాలు చెప్పుకుంటున్నారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మా బడి ప్రార్థనలో మాత్రం మైకు ముందు సెల్ ఫోన్ పెట్టి పాట వేస్తున్నాం, పిల్లలు పెదవులు కదుపుతున్నారు.

మా మాస్టారు ఇప్పటికీ నెలకు రెండుసార్లు సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చి, ఏడో తరగతికి బొమ్మలు నేర్పి వెళుతున్నారు. ఆయన అంకితభావం చూసి నేర్చుకోవాలని అధికారులు మాకు చెబుతుంటే నాకు తల దించుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే ఆయన ఉచితంగా వస్తున్నంత కాలం ఇక్కడ పోస్టు కావాలని ఎవరికీ తోచదు. ఈ మాట ఆయనతోనే అన్నాను. "నేను మానేస్తే పోస్టు ఇస్తారా బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇక నా సంగతి. కళా సాంస్కృతిక విద్యకు కూడా గ్రేడు వేయాలి కనుక, ఒక్క పాఠమైనా జరగని సంవత్సరాల్లో కూడా క్లాస్ టీచరుగా నేనే ఆ గడులన్నీ నింపాను. బుద్ధిమంతులకు ఏ, అల్లరివాళ్లకు బీ. ఈసారి ఆ వరుస రాయకుండా వదిలి, "బోధించే ఉపాధ్యాయుడు లేరు" అని పక్కన రాసి ఇచ్చాను. మర్నాడే రిజిస్టరు తిరిగి నా బల్ల మీదికి వచ్చింది, పూర్తి చేసి ఇమ్మని చిన్న చీటీతో. ఇంకా ఇవ్వలేదు. రేపు గురువారం, ఏడో పీరియడ్‌కు సాంఘికశాస్త్రం టీచరుగారు అప్పుడే అడిగి ఉంచారు.