ఎన్‌కౌంటర్ మెసేజ్ పంపినవాళ్లందరికీ

ఈ వారంలో అదే మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. ముందు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత పొద్దున్నే బీచ్ రోడ్డులో నాతో నడిచే మిత్రులు తలా ఒకసారి పంపారు. నిన్న మధురవాడ నుంచి మా మరదలు పంపింది. పైన కొవ్వొత్తి బొమ్మ, దాని కింద ఎర్ర అక్షరాలు: "నిర్భయకు ఏడేళ్లు, దిశకు పది రోజులు. ఏది న్యాయం?" ఆ కింద ఇంకో ఐదు పాయింట్లు. చివర్లో "మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే షేర్ చేయండి" అని ఉంది. నిర్భయ కేసులో ఉరికి ఏడేళ్లు పట్టింది, 2019లో శంషాబాద్‌లో దిశను అత్యాచారం చేసి చంపిన కేసులో మాత్రం నలుగురు నిందితులను పోలీసులు పది రోజుల్లోనే చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్‌లో చంపేశారు, అదే సరైన న్యాయం అని ఆ మెసేజ్ భావం.

మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. అయినా నేను షేర్ చేయలేదు. కోర్టులో బెంచి క్లర్కుగా ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎందుకు చేయలేదో మీకు చెప్పాలి.

చిన్నవి ముందు తేల్చేస్తాను. "ఆంధ్రాలో దిశ చట్టం ఉంది, 21 రోజుల్లో ఉరి" అన్నారు. అలాంటి చట్టం లేదు. 2019 డిసెంబర్ 13న అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. యాప్ వచ్చింది, స్టేషన్లకు ఆ పేరు పెట్టారు, చట్టం మాత్రం రాలేదు. "రాత్రి పది దాటితే ఈ సెల్ నెంబరుకు ఫోన్ చేయండి, పోలీసు జీపు ఇంటి దగ్గర దింపుతుంది" అన్నారు. ఆ నెంబరు ఎవరిదో పంపినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆపద వస్తే 112, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181. పిల్లలతో ఈ రెండూ కంఠస్థం చేయించండి, ఆ పాయింటు చెరిపేయండి.

"ఒక్క ఎన్‌కౌంటర్ జరిగితే చాలు, భయంతో ఇంకెవడూ ఆ పని చేయడు" అన్నారు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజులు తిరక్కుండానే నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. అప్పుడూ పోలీసులకు పూలదండలు వేశాం. ఆ అమ్మాయిల్లో ఒకరు ఆ నెలాఖరుకే కన్నుమూసింది. భయం అంత పనిచేసే మాటైతే పదకొండేళ్ల తర్వాత శంషాబాద్‌లో ఆ ఘోరం ఎందుకు జరిగింది?

ఇక నాకు నిద్ర పట్టనివ్వని పాయింటు. "పోలీసులు పట్టుకున్నారంటే వాడే దోషి. ఇంకా సాక్ష్యాలెందుకు, విచారణలెందుకు?"

ఈ మాట రాసినాయన విజయవాడ వైపు ఒక్కసారి చూసి ఉంటే రాసేవాడు కాదు. 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. దొంగను పట్టుకోండి, పట్టుకోండి అని అందరం అరిచాం. 2008 ఆగస్టులో పోలీసులు ఒక దళిత యువకుణ్ణి తెచ్చి, ఇతనే అన్నారు. మనం నమ్మాం. నేనూ నమ్మాను. నమ్మనిది ఒక్క కన్నతల్లే. ఈ అబ్బాయి కాదు, నా బిడ్డను చంపింది వేరేవాళ్లు అని ఆమె మొదటి నుంచీ చెబుతూనే ఉంది. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషి అని విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటి జైల్లో ఉన్నాడు. అక్కడే కాళ్లు చచ్చుబడే జబ్బు చేసింది. ఇరవైల్లో లోపలికి వెళ్లినవాడికి ఆ ఏళ్లు ఎవరిస్తారు?

ఇప్పుడు మీ మెసేజ్ ప్రకారం చేద్దాం. 2008లోనే అతణ్ణి ఏ రోడ్డు పక్కనో కాల్చేశారనుకోండి. మనం స్వీట్లు పంచేవాళ్లం. ఫైలు మూసేసేవాళ్లు. ఆ తల్లి నోరు విప్పితే, న్యాయం జరిగిపోయిందిగా, ఇంకేం కావాలి నీకు అని మనమే కసిరేవాళ్లం. అతను బతికి ఉన్నాడు కాబట్టే అప్పీలు వేశాడు. అప్పీలు వేశాడు కాబట్టే సాక్ష్యం ఎంత డొల్లో బయటపడింది. హైకోర్టు మళ్లీ దర్యాప్తు చేయమని సీబీఐకి ఇచ్చింది. 2019 డిసెంబర్ 14న తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి, అవశేషాలు బయటికి తీసి పరీక్ష చేశారు. పన్నెండేళ్ల తర్వాత ఆ తల్లిదండ్రులు అదీ చూడాల్సి వచ్చింది. తేదీ ఇంకోసారి చూడండి. చటాన్‌పల్లి కాల్పులు జరిగి అప్పటికి ఎనిమిదే రోజులు. ఒకచోట పది రోజుల న్యాయం అని పండగ చేసుకుంటున్నాం. ఇంకోచోట మొదటిసారి దర్యాప్తు సరిగ్గా చేయని పాపానికి బిడ్డ ఎముకలు తవ్వుతున్నారు. రెండూ ఒకే టీవీలో, ఎనిమిది రోజుల తేడాలో వచ్చాయి. మొదటిదే మీకు గుర్తుంది.

చటాన్‌పల్లి సంగతి కూడా చెప్పుకుందాం. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారు, అందుకే ఎదురుకాల్పులు జరిపాం అన్నారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కథను నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని చెప్పింది. 2022 మే నెలలో ఆ రిపోర్టు బయటికొచ్చింది. దాన్ని ఒక్కరైనా ఫార్వర్డ్ చేశారా? వాళ్లు ఆ ఘోరం చేయలేదని నేను అనడం లేదు. చేశారని రుజువు చేసే అవకాశాన్ని ఆ తెల్లవారుజామున చంపేశారు అంటున్నాను. ఎవరు ఏం చేశారో ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లు కోర్టులో వినే రోజు ఇక రాదు.

"మానవ హక్కులవాళ్లు బాధితుల కోసం ఎప్పుడైనా వచ్చారా?" విశాఖలో కూర్చుని ఈ మాట ఎలా అనగలిగారు? వాకపల్లి మన ఏజెన్సీలోదే కదా. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ ఆడవాళ్లు కొండ దిగి వచ్చి చెప్పారు. అప్పుడు వాళ్ల పక్కన నిలబడింది మీరు తిడుతున్న ఆ హక్కులవాళ్లే. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మన విశాఖ కోర్టులోనే తీర్పు చెప్పారు. దర్యాప్తు సరిగ్గా చేయలేదని చెప్పి నిందితులను వదిలేశారు, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇమ్మన్నారు. ఇక్కడ నిందితులు పోలీసులు. మీ న్యాయం ఇక్కడ ఎవరు చేయాలి? తుపాకీ ఎవరి చేతికిస్తారు?

చివరగా మీ ఎర్ర అక్షరాల దగ్గరికి వస్తాను. ఏడేళ్లు ఎక్కువే. మీ కోపంలో ఈ ముక్క నూటికి నూరుపాళ్లు నిజం. ఎందుకంటే ఆ వాయిదాలు రాసిన చేతుల్లో నావీ ఉన్నాయి. ల్యాబ్ రిపోర్టు రాలేదు, వాయిదా. ఎస్కార్టు లేక ముద్దాయిని తేలేదు, వాయిదా. పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు సెలవు, వాయిదా. ఒక తల్లి శ్రీకాకుళం అవతలి నుంచి మొదటి బస్సెక్కి, సంచిలో అన్నం డబ్బా పెట్టుకుని వచ్చేది. వరండాలో బల్ల మీద సాయంత్రం దాకా కూర్చునేది. బయటికొచ్చి తేదీ చెప్పాల్సింది నేనే. "మళ్లీనా బాబూ?" అనేది. నాలుగేళ్లు అలా తిరిగింది. ఆమె ఏ రోజైనా వాణ్ణి కాల్చేయండి అని అని ఉంటే, ఆమెకు ఎదురు చెప్పే నోరు నాకు లేదు. 2019 డిసెంబర్ 6 పొద్దున టీవీ చూసి, మంచి పని జరిగిందని మా ఆవిడతో అన్నది కూడా నేనే.

కానీ కోర్టు వల్ల కాదు అనకండి. నిర్భయ కేసులో కింది కోర్టు తొమ్మిది నెలల్లో శిక్ష వేసింది, మిగతా ఏళ్లన్నీ పైన గడిచాయి. హన్మకొండలో 2019 జూన్‌లో తొమ్మిది నెలల పసిపాపను చంపినవాడికి ఆగస్టు 8నే శిక్ష పడింది. దిశ ఘటనకు మూడు రోజుల ముందు ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత మహిళను అత్యాచారం చేసి చంపారు. ఆమెకు సమత అని పేరు పెట్టారు. ప్రత్యేక కోర్టు వేశారు, సాక్షులు నిలబడ్డారు, 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష పడింది. రెండు నెలల చిల్లర. ఎవరూ తుపాకీ పేల్చలేదు.

నిన్న రాత్రి ఇదంతా మా మరదలికి ఫోన్‌లో చెప్పాను. ఓపిగ్గా విన్నది. చివర్లో, "సమత ఎవరు బావా? నేనెప్పుడూ వినలేదే" అంది.