"ఒక్కటి చదివితే వంద చదివినట్టే" అనేవాళ్లకు

ఫోన్లలో తెగ తిరుగుతున్న పోస్టు ఒకటి ఉంది. సారాంశం ఇది (మాంగా అంటే జపాన్ వాళ్ల బొమ్మల కథలు): "రొమాన్స్ మాంగా ఒక్కటి చదివితే వంద చదివినట్టే. ఇద్దరు అన్నదమ్ములు, ఒక అమ్మాయి. లేదంటే అక్కచెల్లెళ్లు, ఒక అబ్బాయి. అందులో ఒకళ్లు మంచి, ఒకళ్లు చెడ్డ. గీసేవాళ్లకు బద్ధకం, చదివేది స్కూలు అమ్మాయిలు."

చివరి మాట చిటికెలో తేలిపోతుంది కాబట్టి దాంతోనే మొదలుపెడతా. అన్నదమ్ముల ప్రేమకథ అనగానే మాంగా అభిమానుల్లో చాలామందికి ముందు గుర్తొచ్చేది 'టచ్'. మిత్సురు అదాచి దాన్ని 1981 నుంచి 1986 వరకు 'షోనెన్ సండే' అనే వారపత్రికలో గీశాడు. అది మగపిల్లల కోసం వచ్చే పత్రిక.

ఇక అన్నదమ్ముల సంగతి. 'టచ్' మొదలయ్యేది పోస్టులో చెప్పినట్టే, ఒప్పుకుంటా. తత్సుయా, కజుయా కవలలు. పక్కింటి అమ్మాయి మినామి. తమ్ముడు కజుయా బుద్ధిమంతుడు, స్కూలు బేస్‌బాల్ జట్టుకి ఆశాకిరణం. అన్న తత్సుయా ఉత్త సోమరి. ఇక్కణ్ణుంచి పోటీ పెరిగి ఎవరో ఒకరు గెలవాలి కదా? (చదవనివాళ్లు ఈ పేరా, తర్వాతి పేరా వదిలేయండి, అసలు సంగతులు బయటపెడుతున్నా.) 26 సంపుటాల కథలో పావు వంతు దాటగానే, ప్రాంతీయ ఫైనల్ ఆడాల్సిన రోజు, లారీ కింద పడబోతున్న పిల్లాణ్ని కాపాడబోయి కజుయా చనిపోతాడు. పోటీ పడేవాడే లేడు. మిగతా కథంతా తమ్ముడి చోట నిలబడి బంతి విసరాల్సి వచ్చిన అన్నది. బతికున్న తమ్ముడితో అయితే పోట్లాడొచ్చు, ఓడిపోవచ్చు, అలగొచ్చు. పోయినవాడు ఇక ఏ తప్పూ చేయడు, వాడితో పోలిక మాత్రం ఆగదు. ఇంట్లో "వాణ్ని చూసి నేర్చుకో" అని వింటూ పెరిగినవాళ్లకు ఈ కథ ఇంకోలా తగులుతుంది. పైగా తర్వాత జట్టుకి కోచ్‌గా దిగే మనిషి ఆ స్కూలు మీద కక్షతో వస్తాడు, ఆ కక్షకు మూలం కూడా సొంత అన్నతో ఉన్న పాత గొడవే. అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటంటే, అందరూ కలలుగన్న కోషియెన్ జాతీయ పోటీని అదాచి అసలు చూపించడు. గెలిచారని చివర్లో ఒక జ్ఞాపిక చూసి మనమే తెలుసుకోవాలి.

అక్కచెల్లెళ్లలో ఒకళ్లు మంచి, ఒకళ్లు చెడ్డ అన్న మాటకు నేగి హరుబా గీసిన 'క్వింటెసెన్షియల్ క్వింటప్లెట్స్' చాలు (2017–2020, 14 సంపుటాలు). ఒకే కాన్పులో పుట్టిన ఐదుగురు, వాళ్లకు ట్యూషన్ చెప్పే పేద కుర్రాడు ఫూతారో. మొదటి పరీక్షలో ఐదుగురి మార్కులూ కలిపితే సరిగ్గా వంద! వాళ్లలో పెద్దదైన ఇచికా, మూడోదైన మికులా వేషం మార్చి కుర్రాడితో మాట్లాడుతుంది. అది మోసమే, కాదనను. కానీ చివరికి పెళ్లికూతురయ్యే యోత్సుబాని చూడండి. ఒకప్పుడు అక్కచెల్లెళ్లందరి కన్నా ముందుండాలని ఆరాటపడి, పరీక్ష తప్పి, పాత స్కూల్లోంచి బయటికి రావాల్సి వచ్చింది. ఆమెను ఒంటరిగా పంపలేక మిగతా నలుగురూ ఆ స్కూలు వదిలేశారు. ఆ రుణం కింద నలిగి తన ప్రేమ సంగతి నోరెత్తదు. ఇందులో చెడ్డది ఎవరు?

పోటీనే లేని అన్నదమ్ములూ ఉన్నారు. 'కిమి నీ తొదొకే' అనే మాంగాలో చిజురు అనే అమ్మాయి మనసంతా స్నేహితుడు ర్యూ వాళ్ల అన్న మీద. ర్యూ మనసు చిజురు మీద. ఆ అన్నేమో కాబోయే భార్యను వెంటబెట్టుకుని ఊరికి వస్తాడు, పాపం ఆయనకేం తెలుసు.

బద్ధకం అన్న ఆరోపణే అసలు అన్యాయం. ఈ కథలు పుస్తకంగా పుట్టవు, పత్రికలో ముక్కలు ముక్కలుగా వస్తాయి. వారపత్రికలో విడతకు దాదాపు ఇరవై పేజీలే. పాఠకులు పంపే అభిప్రాయ కార్డుల్లో ఆదరణ తగ్గితే సీరియల్ ఆపేస్తారు, బాగుంటే సాగదీయమంటారు. 'కిమి నీ తొదొకే' ఒక మాసపత్రికలో 2005లో మొదలై 2017లో ముగిసింది. నెలకోసారి చదివే పిల్లకు పోయిన విడతలో ఏమైందో గుర్తుచేయాలి, ఫ్లాష్‌బ్యాక్ మళ్లీ వేయాలి. మనం ఆ 30 సంపుటాలూ రెండు వారాల్లో ఊదిపారేసి, చెప్పిందే చెబుతున్నారని విసుక్కుంటాం. మన వారపత్రికల సీరియల్స్‌ని బైండింగ్ చేయించుకుని చదివినవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది.

అయితే హీరో ఎవరినో ఓదారుస్తూ దగ్గరికి తీసుకోవడం, సరిగ్గా ఆ క్షణానికే హీరోయిన్ అక్కడికి వచ్చి చూసి, ఒక్క ముక్క అడక్కుండా వానలో పరిగెత్తడం... ఇది మాత్రం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ ఒక్కటీ పోస్టు రాసినవాళ్లకే వదిలేస్తున్నా.