మీ జీపుది ఏ గోత్రం?

జూన్ 6 దగ్గరపడుతుంటే ఫ్రాన్స్‌లోని నార్మండీ ఊళ్లు పాత మిలిటరీ బళ్లతో నిండిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో మిత్రసైన్యాలు దిగిన తీరం అది. ఎనభై ఏళ్లు దాటిన విల్లీస్, ఫోర్డ్ జీపులు కొత్త రంగు కొట్టించుకుని వరసగా నిలబడతాయి. జనం ఇంజిన్ చూడ్డానికి వస్తారనుకుంటే పొరపాటు. అసలైన పెద్దమనుషులు వచ్చీ రాగానే మోకాళ్ల మీద కూర్చుని బంపర్ చదువుతారు. వీళ్లకు రివెట్లు లెక్కపెట్టేవాళ్లని పేరు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్లని కూడా కొందరు అంటుంటారు. ఆ మాటను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. గుడ్డు మీద ఈక ఉన్నప్పుడు పీకకుండా ఎలా ఊరుకుంటాం?

అమెరికన్ బంపర్ చదవడమంటే ప్రవర చదవడమే. బండికి ఎదురుగా నిలబడి ఎడమ నుంచి కుడికి రండి: డివిజన్, రెజిమెంట్, కంపెనీ, చివర్న ఆ కంపెనీలో బండి వరస నంబరు. బానెట్ పక్కన 20తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. మొదట్లో దాన్ని ఆకుపచ్చ మీద ముదురు నీలంతో రాసేవారు, తర్వాత తెల్లరంగుకు మారారు. ఆ నీలం నాలుగడుగుల దూరం నుంచి కూడా సరిగ్గా కనబడదు. అయినా ఎంతో ఖర్చుపెట్టి అదే రంగు కలిపించుకున్నాయన రోజంతా బండి పక్కనే నిలబడి "ఇదిగోనండీ, ఇక్కడే నంబరుంది" అని వచ్చినవాళ్లందరికీ వేలుపెట్టి చూపిస్తుంటాడు. దీక్ష అంటే అదీ.

నంబరు చివర ఎస్ అనే అక్షరం ఉంటే, ప్లగ్గుల నిప్పురవ్వల గోల రేడియోలోకి చొరబడకుండా ఆ బండికి ఫిల్టర్లు బిగించారని అర్థం. ఇప్పటి జీపుల్లో చాలావాటికి ఎస్ ఉంటుంది, ఫిల్టర్లు ఉండవు. రేడియో పెట్టె ఉంటుంది, లోపల బ్లూటూత్ స్పీకర్ పాడుతుంటుంది. దానికెవరూ ఏమీ అనరు. ఎస్ కాస్త లావైతే మాత్రం రెండు గంటల పంచాయితీ.

ఇక గోత్రాల సంగతి. యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. వాటిలో ఇన్నాళ్లు బతికి బట్టకట్టినవన్నీ, విచిత్రంగా, 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ 506వ రెజిమెంటువే. ఆ రెజిమెంటు మీద తీసిన "బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్" టీవీ సీరియల్ పుణ్యం. ఆ నంబరుతో ఇప్పుడు తిరుగుతున్న జీపులన్నీ అప్పుడే ఉండి ఉంటే ఆ రెజిమెంటులో ఒక్కడికీ కాలు నేలమీద పెట్టాల్సిన అవసరం వచ్చేది కాదు. అదే సైన్యంలో రొట్టెలు కాల్చడానికి బేకరీ కంపెనీలు, బట్టలుతకడానికి లాండ్రీ కంపెనీలు ఉండేవి. వాళ్లూ జీపుల్లో తిరిగారు. ఆ నంబరు వేయించుకున్న మగాణ్ని ఒక్కణ్ని చూపించండి. ఆ ఉతికిన చొక్కాలేసుకునే కదా వీరులు పోరాడింది!

కాల్‌సైన్ల దగ్గరా, అంటే రేడియోలో పిలుచుకునే మారుపేర్ల దగ్గరా ఇదే తంతు. బ్రిటిష్ రేడియో భాషలో కమాండర్‌ని సన్‌రే అనేవారు, రిపేర్లు చేసే మెకానిక్ దళాన్ని బ్లూబెల్ అనేవారు. ప్రదర్శనకు వచ్చిన ప్రతి యజమానీ సన్‌రేనే. నిజానికి వీళ్లంతా వారంలో ఆరు రోజులు గ్రీజు పూసుకుని బండి కింద పడుకునే బ్లూబెల్‌లు. హెడ్‌ఫోన్ తగిలించుకుని ఏ, బీ అక్షరాలకు బదులు "ఆల్ఫా, బ్రావో" అని కేకలేసే మహానుభావులకైతే క్షమాపణ లేదు. ఆ వరస 1956లో వచ్చింది. 1944లో అమెరికన్ సైనికుడు "ఏబుల్, బేకర్, చార్లీ, డాగ్" అన్నాడు. తీరా ఒకాయన నిజమైన 19వ నంబరు వైర్‌లెస్ సెట్ సంపాదించి పెడితే, "బ్రిటిష్ బండిలో రష్యన్ అక్షరాలేంటి, సిగ్గులేదూ?" అని మీదపడతారు. కెనడాలో సోవియట్ సైన్యానికి కూడా ఆ సెట్లు తయారుచేశారు కాబట్టి ప్యానెల్ మీద ఇంగ్లిష్ పక్కనే రష్యన్ ముద్రించారు. ఆ మొత్తం ప్రదర్శనలో అచ్చమైన వస్తువు అదొక్కటే కావచ్చు.

మన దేశంలో ఈ తలనొప్పి లేకుండా పెద్దలు ముందే జాగ్రత్తపడ్డారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చూడండి. రక్షణశాఖ బండి తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. పైకి చూసే బాణం గుర్తు నంబరు ప్లేటు కూడా సైన్యానిదే. కాబట్టి హైదరాబాద్‌లో ఎవరైనా మిలిటరీ వేలంలో పాత జీపు కొని ఉన్నదున్నట్టుగా బాగుచేయించుకుంటే చలానా తప్పదు. గులాబీ రంగు వేసి ఆర్సీలో రాయించుకుంటే నిశ్చింత.

ఇంతకీ అసలు సైనికులు ఈ గుర్తుల్ని ఎంత భక్తిగా చూసుకున్నారు? మిత్రసైన్యాల బళ్ల మీద గుర్తుగా తెల్ల నక్షత్రం ఉండేది. దూరం నుంచి ఒట్టి నక్షత్రం జర్మన్ శిలువలా కనిపిస్తోందని 1943లో సిసిలీ దాడి నాటికి దాని చుట్టూ వలయం గీశారు. ట్యాంకు సిబ్బందేమో, శత్రువు గురిపెట్టడానికి అది భలే వీలుగా ఉందని బురద పూసేశారు. మన రివెట్ల పెద్దమనిషి ఆ రోజు అక్కడుంటే గుడ్డపెట్టి తుడిపించేవాడు. 1944 డిసెంబరులో బల్జ్ యుద్ధంలో జర్మన్ అధికారి స్కోర్జెనీ దళం జర్మన్ పాంథర్ ట్యాంకులకు రేకులు తొడిగి, తెల్ల నక్షత్రాలు వేసి, ట్యాంకుల్ని వేటాడే అమెరికన్ ఎం10 బళ్లుగా చెలామణీ చేయబోయింది. అంటే అమెరికన్ నక్షత్రమున్న జర్మన్ ట్యాంకు కూడా చరిత్ర ప్రకారం కరెక్టే.

అమెరికన్లు ఇంకా ఘనులు. 23వ హెడ్‌క్వార్టర్స్ స్పెషల్ ట్రూప్స్ అని 1,100 మంది ఉండేవారు, ఘోస్ట్ ఆర్మీ అని పేరు. వీళ్లలో చిత్రకారులు, డిజైనర్లు ఎందరో. గాలి ఊదిన రబ్బరు ట్యాంకులు నిలబెట్టడం, లౌడ్‌స్పీకర్లలో ట్యాంకుల చప్పుడు వినిపించడం, వేరే డివిజన్ రేడియో ఆపరేటర్లు మోర్స్ కోడ్ కొట్టే తీరును అనుకరిస్తూ దొంగ సందేశాలు పంపడం వీళ్ల ఉద్యోగం. దాంతోపాటు ఇంకో ముఖ్యమైన పని, బంపర్ల మీద వేరే డివిజన్ల నంబర్లు రాసుకుని ఊళ్లోంచి పదేపదే చక్కర్లు కొట్టడం. 1945 మార్చిలో రైన్ నది దగ్గర ఈ కాస్తమందే 30వ, 79వ డివిజన్లుగా నటించారు.

కాబట్టి జీపు యజమానులకు నా ఉచిత సలహా. ఇకమీదట ఎవరైనా మీ బంపర్ మీద తప్పు పట్టుకుంటే టెన్షన్ పడకండి. "మాది ఘోస్ట్ ఆర్మీ అండీ" అని నమస్కారం పెట్టండి. నోరు మూతపడాలి.

మూతపడదు లెండి. ఆయన మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని అడుగుతాడు: "ఘోస్ట్ ఆర్మీ అయితే ఈ 79 కింద మొన్నటి డివిజన్ నంబరు చెరిపిన మరక ఉండాలి కదా, అదేదీ?"