ఇద్దరూ ఒకే బడి పిల్లలు

గురుగ్రామ్‌లోని ఒక ప్రైవేటు పాఠశాల మరుగుదొడ్డిలో 2017 సెప్టెంబరు 8న ఏడేళ్ల బాలుడు హత్యకు గురయ్యాడు. బస్సు కండక్టరును పట్టుకున్న పోలీసులు, అతడు నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. డ్రైవర్ల, కండక్టర్ల పూర్వాపరాలు ఆరా తీయాలన్నారు, అడుగడుగునా సీసీ కెమెరాలు పెట్టాలన్నారు. రెండు నెలలు తిరిగాక సీబీఐ అరెస్టు చేసింది మాత్రం అదే బడిలో చదువుతున్న పదహారేళ్ల కుర్రాడిని. పరీక్షలు వాయిదా పడాలని ఈ పని చేశాడన్నది దర్యాప్తు సంస్థ ఆరోపణ. కండక్టరును కోర్టు కేసు నుంచి తప్పించింది. అప్పటికి అతడు జైలు చూసి వచ్చాడు.

ఆ కుర్రాడి మనసులో ఏముందో ఏ కెమెరా చూడగలిగేది?

బడి భద్రత కోసం కదిలే తల్లిదండ్రుల సంఘాలది మన దేశంలో ఒక గట్టు. నేరారోపణ ఎదుర్కొనే మైనర్ల పక్షాన నిలిచే బాలల హక్కుల వేదికలది మరో గట్టు. మొదటివారికి రెండోవారు నేరస్థులను వెనకేసుకొచ్చేవారిలా కనిపిస్తారు. రెండోవారికి మొదటివారు ఆవేశపరులు. ఈ ఎడబాటుకు మూల్యం 2015లోనే చెల్లించాం. ఢిల్లీ సామూహిక అత్యాచారం తర్వాత జస్టిస్ వర్మ కమిటీ బాలల వయఃపరిమితిని పద్దెనిమిది నుంచి తగ్గించవద్దని చెప్పింది. పార్లమెంటు స్థాయీ సంఘం కూడా కొత్త బిల్లును వ్యతిరేకించింది. అయినా ఆ కేసులోని మైనరు విడుదలైన రెండు రోజులకే, డిసెంబరు 22న, రాజ్యసభ బిల్లును ఆమోదించింది. ఘోర నేరాల్లో పదహారు దాటిన బాలలను పెద్దలలాగే విచారించే వీలు అలా వచ్చింది. 2022లో దేశంలో 58 లక్షలకు పైగా నేరాలు నమోదైతే వాటిలో మైనర్లు నిందితులుగా ఉన్న కేసులు 30,555. చట్టసభలో ఆనాడు వినిపించిన భయానికీ ఈ అంకెకూ పొంతన లేదు.

ఎవరిని పెద్దవాడిగా విచారించాలో తేల్చే ప్రాథమిక అంచనా, నేరారోపణ ఎదుర్కొనే బాలల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు చేతిలో ఉంది. అదెంత సున్నితమైనదో సుప్రీంకోర్టు 2022 జులైలో చెప్పింది, అదీ ఈ గురుగ్రామ్ కేసులోనే. బోర్డులో బాలల మనస్తత్వం చదివిన సభ్యులు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అంది. మంచి మాటే. అయితే బోర్డుల్లో ఖాళీలు నింపండని అదే కోర్టు 2018లో ప్రభుత్వాలను ఆదేశించాల్సి వచ్చిన దేశం ఇది.

భద్రత గట్టున ఉన్నవారి ఆందోళన వట్టిదని మేము అనడం లేదు. 2022లో హైదరాబాద్ బంజారాహిల్స్ పాఠశాలలో చిన్నారిపై అఘాయిత్యం చేసినవాడు పెద్దవాడే, ప్రిన్సిపాల్ డ్రైవరు. కోర్టు అతడికి ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. కానీ అప్పుడు ప్రభుత్వానికి తోచిన తక్షణ పరిష్కారం బడి గుర్తింపు రద్దు. మా పిల్లల చదువు ఏం కావాలని తల్లిదండ్రులే నిలదీశాక వెనక్కి తగ్గింది. రద్దుకు ఒక్క సంతకం చాలు. పిల్లవాడు చెప్పేది వినే మనిషిని మాత్రం ఏటా జీతమిచ్చి ఉంచుకోవాలి.

ఆ మనిషి గురించి ఇప్పుడు చట్టబలమున్న ఆదేశమే ఉంది. విశాఖలో పోటీపరీక్షకు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలంది. కుంగిపోతున్న పిల్లకూ, ఎదుటివాడిపై చేయెత్తబోతున్న పిల్లవాడికీ పనికొచ్చే మనిషి ఒకరే.

రెండు గట్లవారూ కలిసి చేయదగ్గ పని ఇక్కడే ఉంది. జిల్లాలో ఎన్ని బడుల్లో, కళాశాలల్లో కౌన్సెలర్లు ఉన్నారు, వారు నిజంగా ఆ పనే చేస్తున్నారా, ఖాళీ పీరియడ్లకు పంపే అదనపు టీచర్లుగా మిగిలారా? జువెనైల్ జస్టిస్ బోర్డు వారానికి ఎన్ని రోజులు కూర్చుంటోంది, ఆ బాలల బాగోగులు ఆరా తీసే ప్రొబేషన్ అధికారి ఒక్కొక్కరి నెత్తిన ఎన్ని కేసులున్నాయి? తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ లెక్కలను జిల్లాలవారీగా బయటపెట్టాలి. బయటపెట్టేవరకు తల్లిదండ్రుల సంఘాలూ, బాలల హక్కుల వేదికలూ ఒకే వినతిపత్రంతో కలెక్టరేట్ల గుమ్మం తొక్కాలి.