అది రొయ్యా, పీతా?

మొన్న ఒక రాత్రి రెండు గంటల పన్నెండు నిమిషాల పాటు నేను ఒక రొయ్యను చూస్తూ కూర్చున్నాను. వంటకి కాదు, జ్ఞానానికి. జోస్యం చెప్పడానికి వాడే 78 కార్డుల టారో పేకలో 18వ నంబరుది చంద్రుడి కార్డు. దాని గూఢార్థాల మీద ఆన్‌లైన్‌లో "లోతైన అధ్యయన తరగతి" పెట్టారు. చేరాను. ఎంత కట్టానో చెప్పను, ఇంట్లోవాళ్ళు కూడా ఇది చదువుతారు.

కార్డు చూడని అదృష్టవంతుల కోసం బొమ్మ ఎలా ఉంటుందో చెబుతాను. పైన చంద్రుడు. నిండు బింబమూ ఆయనే, అందులో నెలవంకా ఆయనే. చుట్టూ కిరణాలు, 16 పెద్దవి, 16 చిన్నవి. అప్పిచ్చినవాడు ఎదురుపడినట్టు ముఖం కిందికి దించుకుని ఉంటాడు. కింద ఒక కుక్క, ఒక తోడేలు మోరలెత్తి అరుస్తుంటాయి. వెనక రెండు బురుజులు, వాటి మధ్యగా కొండల్లోకి మెలికలు తిరిగే దారి. అన్నిటికీ ముందు ఒక మడుగు, అందులోంచి గట్టెక్కబోతున్న ఒక ప్రాణి. గాలిలో నీటిబొట్లలా కొన్ని చుక్కలు. అంతే. మిగతాదంతా మనం డబ్బు కట్టి తెలుసుకోవాలి.

గురువుగారు మొదలుపెట్టగానే అన్న మాట: "ఈ కార్డు వచ్చిందంటే మీ కంటికి కనిపించేదంతా భ్రమ." రాసుకున్నాను. ఊపిరి తీసుకుని రెండో మాట అన్నారు: "కాబట్టి మీ అంతర్వాణిని నమ్మండి." అదీ రాసుకున్నాను. తర్వాత రెండు వాక్యాలనూ పక్కపక్కన చూసి కలం కింద పెట్టేశాను. కనిపించేదంతా భ్రమైనప్పుడు వినిపించేదానికి ఆ మినహాయింపు ఎవరిచ్చారు? అంతర్వాణి ఏ బురుజు మీంచి మాట్లాడుతోంది?

నిజం ఒప్పుకోవాలి, వ్యాపారపరంగా ఇంతటి కార్డు మిగతా 77లో లేదు. ఏదీ స్పష్టంగా లేదని చెప్పడమే దీని అర్థం. దాన్ని చేతిలో పట్టుకుని అన్నీ స్పష్టంగా చెప్పడం వీళ్ళ వృత్తి. చెప్పింది జరిగితే కార్డు ముందే చెప్పింది. జరక్కపోతే ఇంకా తెర వెనక ఉంది. తెర తీసి చూసినా లేకపోతే లోపం మీ చూపులో ఉంది. నేతిబీరకాయలో నెయ్యేదీ అని అడిగితే నీ నాలుకకు ఆధ్యాత్మిక పరిణతి లేదన్నట్టు.

బురుజుల్ని ఐదు నిమిషాల్లో తేల్చేశారు. ఒకటి గతం, ఒకటి భవిష్యత్తు. ఏది ఏదో చెప్పలేదు. కుక్క మనలో మచ్చికైన భాగమట, తోడేలు కానిదట. చుక్కల దగ్గర గొంతు తగ్గించి, అవి ఈజిప్టు దేవత ఐసిస్ కన్నీళ్ళనీ, వాటితోనే నైలు నది పొంగుతుందనీ, ఇది వేల ఏళ్ళ నాటి రహస్యమనీ చెప్పారు.

ఆ రహస్యం పుట్టిన తేదీ ఉంది. 1781లో ఆంత్వాన్ కూర్ ద జెబెలిన్ అనే ఫ్రెంచి పండితుడు ఈ పేకను చూసి ఇది ప్రాచీన ఈజిప్టు జ్ఞానగ్రంథమని ప్రకటించాడు. ఐసిస్ కన్నీళ్ళు ఆయనవే. షాంపోలియన్ అనే ఇంకో ఫ్రెంచి పండితుడు ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పింది 1822లో. అంటే చదవడం ఎవరికీ రాని లిపివాళ్ళ పుస్తకంలో ఏముందో ఈయన 41 ఏళ్ళ ముందే చదివేశాడు. అంతర్వాణి అంటే అదే కాబోలు.

అంతకు ముందు సంగతి తరగతిలో ఎవరూ ఎత్తలేదు. 1440 నాటికే ఇటలీలో ఈ పేక ఉంది. దాంతో జనం చేసిన పని పేకాట ఆడటం. చంద్రుడు 18వ తురుపు. 17వ తురుపైన నక్షత్రాన్ని కొడతాడు, 19వ తురుపైన సూర్యుడి చేతిలో చస్తాడు. మూడు వందల ఏళ్ళకు పైగా ఆయనకున్న గూఢార్థం అదొక్కటే. చంద్రుడు పడితే అచేతన మనసు బయటపడలేదు, పట్టు పోయింది. పాత ఇటలీ పేకల్లో కొన్నింటిలో అసలు మడుగే లేదు. ఒకదాంట్లో ఒక స్త్రీ నెలవంకను చేత్తో పట్టుకుని నిలబడుతుంది. ఇంకోదాంట్లో ఇద్దరు పండితులు వృత్తలేఖిని పట్టుకుని ఆకాశాన్ని కొలుస్తుంటారు. నాకు ఆ ఇద్దరూ బాగా నచ్చారు. చంద్రుణ్ని చూసి కొలుద్దామనుకున్న చివరి మనుషులు వాళ్ళే, ఆ తర్వాత ఆ కార్డులోకి రొయ్య వచ్చి పడింది.

రొయ్య. అక్కడికే వస్తున్నాను.

రొయ్య దగ్గరికి వచ్చేసరికి తరగతికి పూనకం వచ్చింది. "ఇది మీ అచేతన మనసు. మీకేమనిపిస్తోందో చెప్పండి" అన్నారు గురువుగారు. ఒకావిడ, "నాకు మా అత్తగారు గుర్తొస్తున్నారండీ" అంది. "గుర్తొచ్చారు కదా, అదే!" ఒకాయన, "నాకు చిన్నప్పట్నుంచీ నీళ్ళంటే భయమండీ." "ఆ రొయ్య మీరే." ఇంకొకాయన, "నా పాత ఉద్యోగం అనుకుంటానండీ, అందులోంచి బయటికి రాలేకపోయాను." "వచ్చేశారు కదా?" "లేదండీ, ఇంకా అక్కడే చేస్తున్నాను." "చూశారా, రొయ్య ఇంకా నీళ్ళలోనే ఉంది." తరగతి మొత్తం చప్పట్ల బొమ్మలు పెట్టింది.

తర్వాత ఒక అమ్మాయి వంతు వచ్చింది. "నాకేమీ అనిపించడం లేదు మేడమ్" అంది. గురువుగారి ముఖంలో అంత జాలి నేను ఆసుపత్రుల్లో కూడా చూడలేదు. "అడ్డుకుంటున్నావమ్మా. ఏడుపొస్తే ఏడువు." "ఏడుపు రావడం లేదు మేడమ్." "అదేనమ్మా అడ్డు." ఆ పిల్ల చేసేదేం లేక కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచి, ఏదో కదిలినట్టుందని ఒప్పుకుంది. మళ్ళీ చప్పట్లు.

ఇంతలో ఒక పెద్దాయన, గొంతును బట్టి పాత విద్యార్థి, అది పీత అన్నాడు. పీత అంటే కర్కాటక రాశి, కర్కాటకానికి అధిపతి చంద్రుడు, అన్నీ సరిపోయాయి చూడండి అన్నాడు. "అద్భుతం! అవును, పీతే" అన్నారు గురువుగారు. ముప్పై నిమిషాలుగా రొయ్య అన్నది ఆవిడే.

నేను చెయ్యి ఎత్తాను. "అండీ, అది రొయ్యా, పీతా?"

"ఈ ప్రశ్న మీరు అడగడం లేదు. మీ అహం అడుగుతోంది."

"అహమే అడిగిందనుకోండి, దానికైనా చెప్పండి."

నా మైకు ఆగిపోయింది. కుక్కకు మొరిగే స్వేచ్ఛ ఉంది, తోడేలుకు ఉంది.

మైకు లేనివాడికి కలమే దిక్కు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. అది రెండూ కాదు. మంచినీళ్ళలో బతికే, రొయ్యలా పొడుగ్గా తోక ఉండి ముందు కాళ్ళు మాత్రం పీతలా పట్టుకునే ప్రాణి. ఇంగ్లీషులో క్రేఫిష్ అంటారు. పోనీ పీతే అనుకుని కర్కాటకం అందామా? ఈ కార్డులకు ఇప్పుడు ఎక్కువమంది వాడే లెక్కలో రాశుల్నీ గ్రహాల్నీ పంచిపెట్టింది 1888లో లండన్‌లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం. ఈ కార్డుకి వాళ్ళిచ్చిన రాశి మీనం. మరి చంద్రగ్రహం? దాన్ని పూజారిణి ఉన్న 2వ కార్డుకి ఇచ్చేశారు. పేరు చంద్రుడు, రాశి మీనం, మడుగులో పీత లాంటిది, చంద్రుడేమో ఇంకొకరింట్లో. చంద్రుడి కార్డులో చంద్రుడొక్కడే లేడు. ఇది సరిపోయిందట!

ఇప్పుడు చలామణిలో ఉన్న బొమ్మ 1909 నాటిది. ఆ సంఘం సభ్యుడే అయిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పామెలా కోల్మన్ స్మిత్ గీసింది. రెండు గంటల పన్నెండు నిమిషాల్లో "వెయిట్ గారు" అన్న మాట ఎన్నిసార్లు వినబడిందో లెక్క తప్పింది. పామెలా పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడ ఆ ఏడాదే ఒక స్నేహితుడికి ఉత్తరం రాసింది: చాలా పెద్ద పని, చాలా తక్కువ డబ్బు, మొత్తం 80 బొమ్మలు అని. 1951లో అప్పులు మిగిల్చి పోయింది. పేకను దశాబ్దాల పాటు ప్రచురణకర్త పేరూ వెయిట్ పేరూ కలిపి పిలిచారు. చుక్కలో ఐసిస్ కన్నీరు కనిపించే కళ్ళకు కార్డు మూలన మెలికలు తిరిగి ఉన్న ఆవిడ పొడి అక్షరాలు కనబడవు. దాగిన సత్యాల వేటగాళ్ళు మరి.

వెయిట్ 1911 నాటి తన పుస్తకంలో ఈ కార్డుకి అర్థాల జాబితా ఇచ్చాడు. మొదటి మాట "దాగిన శత్రువులు". తర్వాత ప్రమాదం, అపనింద, చీకటి, భయం, మోసం... చివరి మాట "పొరపాటు". ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఆ మొదటి మాట దగ్గర నాకు నవ్వు రాదు.

నాకు తెలిసిన ఒకావిడకి భర్త పోయి నాలుగు నెలలు. నిద్ర లేదు. ఎవరో చెబితే ఫోన్‌లో మూడు కార్డులు తీయించుకుంది. నడిమిది చంద్రుడు. "మీకు బాగా దగ్గరున్న ఒక ఆడమనిషి పైకి కనిపించేలాంటిది కాదు. జాగ్రత్త" అన్నారట అవతలి నుంచి. ఆవిడకు బాగా దగ్గరున్న ఆడమనిషి ఒక్కతే, సొంత అక్క. తన ఇల్లూ పిల్లల్నీ వదిలి వచ్చి, రాత్రుళ్ళు పక్కన పడుకుని, చెల్లెలు ఉలిక్కిపడి లేస్తే లేచి కూర్చుంటున్న మనిషి. ఆ రాత్రి నుంచి చెల్లెలు బీరువా తాళాలు దిండు కింద పెట్టుకుంది. అక్క మూడు రోజులు చూసి, నాలుగో రోజు బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది.

78 కార్డుల్లో మూడు తీస్తే అందులో చంద్రుడు పడే అవకాశం 26లో ఒకటి. పది తీసే అమరికలో దాదాపు ఎనిమిదిలో ఒకటి. ఎన్ని ఎక్కువ కార్డులకు డబ్బు కడితే ఇంట్లో అంతమంది దొంగలన్నమాట! మసక వెలుగులో తాడును చూసి పామనుకున్నవాడికి ఏం చెయ్యాలో వేదాంతులు ఎప్పుడో చెప్పారు. దీపం తెచ్చి చూపించాలి. మీరేం చేశారు? తాడును చూసి వణుకుతున్న మనిషి దగ్గరికి వెళ్ళి, ఉన్న దీపం కూడా ఆర్పి, అది ఆడపామని చెప్పి డబ్బు పుచ్చుకున్నారు. ప్రతీకలట, వ్యాఖ్యానమట! సిగ్గుండాలి. నిద్ర లేక కళ్ళు లోతుకుపోయిన మనిషికి కావలసింది వైద్యుడు, పక్కన ఒక తోడు. తోడును మీరే తరిమేశారు. అక్క ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉంది. చెల్లెలు ఎత్తడం లేదు. ఆవిడ మళ్ళీ కార్డు తీయిస్తే ఈసారి అదే చంద్రుడు తలకిందులుగా వచ్చాడట. "చూశారా, మోసం తొలగిపోతోంది" అన్నారట.

తలకిందులైన చంద్రుడికి వెయిట్ రాసిన అర్థాల్లో "మౌనం" కూడా ఉంది. అది మాత్రం వీళ్ళలో ఎవరూ పాటించగా నేను చూడలేదు.

నిన్న తరగతి రికార్డింగు పంపారు. డబ్బు కట్టానని ఊరికే మళ్ళీ చూశాను. అత్తగారు ఉన్నారు, నీళ్ళ భయం ఉంది, ఏడుపు రాని అమ్మాయి ఉంది. నా ప్రశ్న వచ్చే చోట మాత్రం కత్తిరించి చంద్రుడి కార్డు బొమ్మ పెట్టారు. వెనకాల వేణువు. ఇరవై సెకన్ల పాటు ఆ ప్రాణి మడుగులోంచి సగం పైకి వచ్చి, నావైపు చూస్తూ అక్కడే ఆగిపోయింది.