పడవను నడిపే దురలవాటు గురించి

ఇంగ్లండు కాలువల మీద నారోబోట్లు కొనుక్కున్నవారిలో కొందరు ఇప్పటికీ వాటిలో ప్రయాణాలు చేస్తున్నారని విని నాకు కలిగిన ఆవేదనను ఇక్కడ వెళ్లబోసుకోక తప్పడం లేదు. శనివారం వచ్చిందంటే చాలు, తాళ్లు విప్పి, ఇంజను వేసి, ఒక చేత్తో టీ కప్పు, మరో చేత్తో చుక్కాని పట్టుకుని, గట్టున పోయేవారిని పలకరించుకుంటూ సాగిపోయే ఈ బాధ్యతారహితుల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. పడవ ఉన్నది మరమ్మతు చేసుకోవడానికని, ప్రయాణం అనేది ఒక మరమ్మతుకూ ఇంకో మరమ్మతుకూ నడుమ ఎప్పుడైనా దొర్లే పొరపాటని వీరికి చెప్పే పెద్దలు లేకపోయారు.

తెలియనివారి కోసం రెండు మాటలు. నారోబోట్ అంటే సుమారు 7 అడుగుల వెడల్పున్న లాకుల్లో పట్టేలా 6 అడుగుల 10 అంగుళాల వెడల్పుతో కట్టిన పొడవాటి ఇనుప పడవ. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ వంటి ఇంజనీర్లు లాకులను ఇరుకుగా కట్టించిన పాపానికి మా మంచాలు, పొయ్యిగట్లు, దాంపత్యాలు ఈనాటికీ ఆ కొలతలోనే సర్దుకుంటున్నాయి. లాకు అంటే కాలువ ఎత్తుపల్లాల మధ్య పడవను ఎక్కించి దించే తలుపుల గది అని గోదావరి డెల్టా వారికి నేను వివరించనక్కరలేదు. అక్కడ తలుపులు తీయడానికి లస్కరు ఉండేవాడు. ఇక్కడ చాలాచోట్ల ఆ ఉద్యోగం కూడా పడవ యజమానిదే. ఇక వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. అలలు తగిలి గట్లు కోసుకుపోకుండా పెట్టిన నిబంధన అని అమాయకులు నమ్ముతారు. అంతకు మించి పోతే ఇంజను గదిలో కొత్తగా పుట్టిన చప్పుడు చెవికి ఆనదన్నదే అసలు కారణమని నా నిశ్చితాభిప్రాయం.

మరమ్మతు విద్యలో ఓనమాలు స్టర్న్ గ్లాండ్ దగ్గర మొదలవుతాయి. ఇంజను పడవ లోపల ఉంటుంది, ప్రొపెల్లరు బయట నీళ్లలో ఉంటుంది, రెంటినీ కలిపే ఇరుసు పడవ తొడుగును దాటి పోవాలి. అంటే పడవ కట్టినవాడే బుద్ధిపూర్వకంగా దానికి ఒక చిల్లు పెట్టి మనకు అమ్మాడన్న మాట. ఆ చిల్లులోంచి కాలువ లోపలికి రాకుండా ఇరుసు చుట్టూ గ్రీజు పట్టిన తాడు చుట్టలు కూరి, మరలు బిగిస్తారు. పొలంలో మోటారుకు గ్లాండు తాడు వేసిన రైతు ఎవరైనా దీన్ని చూడగానే దూరపు చుట్టాన్ని పోల్చుకున్నట్టు పోల్చుకుంటాడు. ఇందులో ధర్మసూక్ష్మం ఏమిటంటే, ఇది కారకూడదు, అలాగని బొత్తిగా కారకుండానూ ఉండకూడదు. వదులైతే పడవలోకి నీరు చేరుతుంది. బిగువైతే రాపిడికి వేడెక్కి ఇరుసు అరిగిపోతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆగి ఆగి ఒక్కొక్క చుక్క రాలుతూ ఉండాలి. సాయంత్రం పడవ కట్టేయగానే గ్రీజు పిడిని చేతికి గట్టిగా తగిలేదాకా తిప్పాలి. సంధ్యావందనం మానేసినవాణ్ణి నేనే ఈ పిడి తిప్పడం ఒక్క పూట మానలేదు. నిమిషానికి ఎన్ని చుక్కలు న్యాయం అన్న విషయంలో పక్క పడవ ఆయనకూ నాకూ మాట తేడా వచ్చి, మేము పలకరించుకోవడం మానేసి ఏడాది దాటింది.

తర్వాతి అధ్యాయం వీడ్ హ్యాచ్. ప్రొపెల్లరుకు సరిగ్గా పైన ఒక మూత ఉంటుంది. దాన్ని తీసి, మోచేయి దాటేదాకా చేయి కాలువలోకి దించి, ప్రొపెల్లరుకు చుట్టుకున్నదాన్ని కోసి బయటికి లాగాలి. ప్లాస్టిక్ సంచులు, నైలాను తాళ్లు, పరుపు స్ప్రింగులు, కాలానికి తగ్గట్టు ఏదో ఒకటి దొరుకుతుంది. పడమటి లండన్‌లో సౌతాల్ దగ్గర గ్రాండ్ యూనియన్ కాలువ మీద పూజ చేసి వదిలిన కొబ్బరికాయలు తేలుతూ ఎదురవుతాయి; అవి పడవను తట్టి, ఆశీర్వదించి పోతాయే తప్ప అపకారం చేయవు. చీరల సంగతి వేరు. ఒక జనవరిలో ఆ చుట్టుపక్కలే ఇంజను ఉన్నట్టుండి మూలిగి ఆగిపోయింది. ముందు జాగ్రత్తగా తాళంచెవి తీసి జేబులో వేసుకుని, బోర్లా పడుకుని, రొట్టె కోసే కత్తితో ముప్పావు గంట కోస్తే అంగుళం అంగుళంగా జరీ అంచు బయటపడింది. నా వేళ్లు నావో కావో తెలియని ఆ స్థితిలో మా ఆవిడ పైనుంచి వంగి చూసి, “ఏమండీ, గద్వాల చీరలా ఉంది, కాస్త జాగ్రత్తగా కోయండి” అన్నది. ఇంత ఉద్వేగం తర్వాత మూతను తిరిగి సరిగ్గా బిగించడం మరచిపోయి ఇంజను వేస్తే, ప్రొపెల్లరు కాలువను తోడి పడవలో పోస్తుంది. అలా మునిగిన పడవలు ఉన్నాయి. నడపాలన్న తొందరే వాటిని ముంచిందని గమనించ ప్రార్థన.

బ్యాటరీల గురించి మాట్లాడేటప్పుడు స్వరం తగ్గించడం మంచిది, అవి వింటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీలను సగం కంటే కిందికి దించరాదు, దించి వదిలేయరాదు, నిండా నింపకుండా రోజుల తరబడి ఉంచరాదు. సమాంతరంగా కలిపిన నాలుగింటిలో ఒకదాని సెల్లు చెడితే అది మిగతా మూడింటినీ పీల్చి పిప్పి చేస్తుంది. అప్పుడు నాలుగింటినీ కలిపి మార్చాలి. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారికి ఇందులో వింత కనిపించదు. ఇంగ్లండు డిసెంబరులో పైకప్పు మీది సౌర పలకలు నైతిక మద్దతుకు మించి ఏమీ ఇవ్వలేవు కనుక, దీపం వెలిగించడానికి ఇంజను తిప్పాలి, ఇంజనులో ఏముందో చూడడానికి దీపం వెలిగించాలి. అదీ రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు పక్కవారి నిద్ర చెడకుండా ఆపి ఉంచాలి. ఆ నిశ్శబ్దంలోనే నీళ్ల పంపు తన పని మొదలుపెడుతుంది. అర్ధరాత్రి ఎవరూ కొళాయి తిప్పకుండానే, అరుగు మీద పడుకున్న ముసలాయన గొంతు సవరించుకున్నట్టు, ఒక్క క్షణం గుర్రుమని ఆగుతుంది. గొట్టంలో ఎక్కడో ఒత్తిడి తగ్గుతోందని, అంటే ఎక్కడో నీరు కారుతోందని అర్థం. ఎక్కడన్నది తెల్లవారేదాకా ఆలోచించుకోవచ్చు.

మరుగుదొడ్డి ట్యాంకు గొప్పదా, మోసుకెళ్లి పారబోసే పెట్టె గొప్పదా అన్న వివాదం ద్వైతాద్వైతాల కంటే తెగనిది. మర్యాద కోసం దాటేస్తున్నాను.

రెండు మూడేళ్లకొకసారి పడవను నీళ్లలోంచి తీసి, అడుగున పేరుకున్న నాచునూ నత్తగుల్లలనూ కడిగి, తారు పూయాలి. తుప్పు పడవను తినకుండా తాను ముందు కరిగిపోయే మెగ్నీషియం దిమ్మలను కొత్తవి అతకాలి. సర్వేయరు వచ్చి సుత్తితో తట్టి, యంత్రం పెట్టి ఉక్కు మందం కొలుస్తాడు. సాధారణంగా కొత్త పడవకు అడుగున 10 మిల్లీమీటర్లు, పక్కల 6. ఎక్కడైనా 4 కంటే తగ్గిందంటే బీమా కంపెనీ ముఖం తిప్పేసుకుంటుంది. మందం అంకెలను జాతకచక్రంలా చేతపట్టుకుని నీరు తోడేసిన మరమ్మతు రేవులో, అంటే డ్రై డాకులో, తిరుగుతున్న గంభీర వదనాలను చూస్తే, పడవ నీళ్లమీద ఉండడం కంటే గట్టు మీద ఉండడమే దాని సహజ స్థితి అని ఎవరికైనా అనిపిస్తుంది. నాలుగేళ్లకొకసారి భద్రతా పత్రం కోసం గ్యాసు గొట్టాలు, గాలి రంధ్రాలు, మంటలార్పే సిలిండర్లు చూపించుకోవడం దీనికి అదనం.

మెకానిక్కును పిలవడం మాత్రం ఆత్మగౌరవం ఉన్నవారు చివరిదాకా వాయిదా వేయాలి. హైదరాబాదులో అయినా, బర్మింగ్‌హామ్‌లో అయినా ఆయన మూత ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: “ఈ పని ఎవరు చేశారండీ?” చేసింది నేనే.

ఈ విషయాలన్నింటిలో మాకు ఆదర్శప్రాయుడు పడవల రేవులో మా వరస చివర ఉండే ఒక పెద్దాయన. ఆయనకు అక్కడ సొంత స్థలం ఉంది కనుక, స్థలం లేనివారిలా పద్నాలుగు రోజులకొకసారి పడవ కదపవలసిన అగత్యం లేదు. గ్లాస్టర్‌షైర్‌లోని డర్స్‌లీలో తయారైన లిస్టర్ కంపెనీ ఇంజను ఒకటి ఆరేళ్లుగా ఆయన భోజనాల బల్ల మీద విడివిడిగా, ఒక్కో భాగం ఒక్కో వార్తాపత్రికలో చుట్టబడి ఉంది. ఆ కంపెనీ పాత ఇంజన్లకు నకళ్లు మన రాజ్‌కోట్‌లో దశాబ్దాల పాటు తయారయ్యాయని, మా తాతగారి తోటలో అలాంటి ఆయిలింజనే నీళ్లు తోడేదని చెప్పినప్పుడు ఆయన నన్ను తొలిసారి మనిషిగా గుర్తించి లోపలికి రమ్మన్నాడు. ప్రయాణం ఎప్పుడు పెట్టుకున్నారని అడిగాను. “వాల్వులు నూరడం అయ్యాక చూద్దాం” అన్నాడు, ఏ తొందరా లేని గొంతుతో. ఆ గొంతులోని ప్రశాంతత నడిచే పడవల వారిలో నేనెన్నడూ వినలేదు.

ఇంత రాశాక ఒక అపరాధం ఒప్పుకోవాలి. మొన్న ఆదివారం లేచి చూస్తే బిల్జ్, అంటే పడవ అడుగున కారిన నీరు చేరే చోటు, పొడిగా ఉంది. రాత్రంతా పంపు గుర్రుమనలేదు. బ్యాటరీలు 12.7 వోల్టులు చూపిస్తున్నాయి. గ్లాండు మరలు రెంటినీ పట్టి చూశాను, వేలు పెట్టడానికి సందు దొరకలేదు. చేతిలో స్పానరుతో దిక్కులు చూస్తున్న నన్ను చూసి మా ఆవిడ, “ఏమండీ, పోనీ అలా ఎక్కడికైనా వెళ్లొద్దామా” అన్నది. కాదనడానికి కారణం దొరకలేదు. పెద్దాయన కిటికీ ముందునుంచి తల దించుకుని పడవ నడిపాను. ఎండ కాసింది, బాతులు పక్కకు తప్పుకున్నాయి, మొదటి లాకు ఏ ఇబ్బందీ లేకుండా దాటిపోయింది. రెండో లాకులోంచి బయటికి వస్తూండగా ఇంజను గదిలోంచి సన్నగా, లయబద్ధంగా, ఇంతకుముందెన్నడూ వినని టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపించింది. మా ఆవిడకు వినిపించలేదట. వెంటనే గట్టుకు పట్టించి, మేకులు దిగగొట్టి, తాళ్లు కట్టేసి, చేతులు పైకి మడిచి మూత ఎత్తాను.